ఆప్పసోడా హెచ్చరిక
(సంఘపు నెలసభలో చేసిన ప్రసంగపాఠం)



మేము పండితులం కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగిరీ చేస్తున్నవాళ్లం. పుట్టింది కోయంబత్తూరు తట్టున, ఉద్యోగం మధురలో. బడి వదిలి, మోటారుసైకిలు విప్పి యంత్రవిద్య నేర్చుకొన్న జి.డి. నాయుడుగారి (1893–1974) వూరివాళ్లం గనుక సైన్సంటే మాకు జంకు లేదనుకొనేవాళ్లం. సభవారు ఏదైనా సైన్సు సంగతి చెప్పమన్నారు. మేము సైన్సుతో చేసిన నిర్వాకమే మనవి చేసుకుంటాము.

2025 లో విశ్వావసు ఉగాది మార్చి 30 న వచ్చింది. ఏప్రిల్ ఒకటో తేదీ రెండడుగుల దూరంలో వుంది. ఆఫీసులో మా ముగ్గురికీ ఒక కొంటె ఆలోచన తట్టింది. దాని మూలం అమెరికాలో వుంది. 1997 లో ఐడహో రాష్ట్రంలో పదునాలుగేళ్ల బడిపిల్లవాడొకడు ‘డైహైడ్రోజన్ మోనాక్సైడ్’ యెంత ప్రమాదమో కాగితంమీద చూపి, నిషేధించాలా అని తోటివారిని అడిగాడు. 50 మందిలో 43 మంది నిషేధించమన్నారు. ఆ పదార్థమేమిటంటే, నీళ్లు! మేము నీళ్లకు బదులు ఆప్పసోడాను పట్టుకొన్నాము. ఆంధ్రదేశపు బంధువులు దీనిని వంటసోడా అంటారు, తినేసోడా అంటారు. మన యిళ్లల్లో అరవవారితోపాటు ఆప్పసోడాయే.

భోజనశాల వాకిట తెలుగులో, పెద్ద అక్షరాలతో నోటీసు అంటించాము. “సోడియం హైడ్రోజన్ కార్బనేట్ అనే రసాయనం మన విందులో చేరింది. మంటలార్పే యంత్రాలలో నింపే పొడులలో యిదొకటి. దీనిలోని సోడియం అనే లోహాన్ని విడిగా నీటిలో వేస్తే మండుతుంది. దీనికి వేడి తగిలితే వెలువడే వాయువు మూసిన గదిలో నిండితే ప్రాణం తీస్తుంది. నిషేధం కోరేవారు కింద సంతకం చేయండి.” ఒక్కమాట అబద్ధం లేదు. అదే మా గర్వం.

కాగితం రెండువైపులా నిండింది. ఆఫీసులో మేము రాసిన ప్రతి బిల్లులోనూ తప్పు పట్టే పెద్దమనిషి కూడా చదవకుండానే చేశారు!

విందులో బోండాలు వేసేది ఒక అవ్వ. పంక్తి సాగుతుండగా నిమ్మరసంలో సోడా వేసి నురుగు పొంగించి, “ఆ రసాయనం యిదే, మన ఆప్పసోడా” అని అందరినీ నవ్వించాలని మా యెత్తు. నురుగు బాగానే పొంగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు నవ్వలేదు. ఒకాయన చేతిలోని బోండా ఆకులో పెట్టేశారు. ప్రక్కవారు చూసి వారూ పెట్టేశారు.

“అవ్వా, దీనిలో అది వేసినావా?”

“చిటికెడు వేసినాను నాయనా. యెప్పుడూ వేసేదే గదా.”

అంతే. పిండి గిన్నెలో అలాగే నిలిచిపోయింది.

అప్పుడు మొదలుపెట్టాము, ముందే చెప్పవలసిన మాటలు. పుల్లపెరుగు కలిపిన పిండిలో సోడా పడితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. నూనెలో కాగినప్పుడు మరికొంత పుడుతుంది. ఆ బుడగలే బోండాను గుల్లగా చేస్తాయి. ప్రాణం తీస్తుందని రాసినది ఆ వాయువునే. గోళీసోడాలో చుయ్యిమనేదీ అదే. నోటీసులో మేము దాచినది ఒక్కటే: యెంత అనేది. చిటికెడు సోడాకూ, గదినిండా వాయువుకూ నడుమ వున్న దూరం రాయలేదు. అలాగని సోడా అమృతం కాదు. యెక్కువైతే సబ్బురుచి వస్తుంది. పప్పు త్వరగా వుడకాలని వేస్తే బి1 విటమిను చెడుతుంది. రక్తపుపోటు వున్నవారు అందులోని సోడియాన్ని కూడా వుప్పు లెక్కలో కలుపుకోవాలి. ఇదంతా చెప్పాము గాని, అప్పటికి సగం పంక్తి లేచిపోయింది.

సంతకాల కాగితం విప్పి చూస్తే పైనుంచి మూడో పేరు ఆ అవ్వదే! అరవ అక్షరాలలో వుంది.

“యేమవ్వా, చదవకుండానే చేసినావా?”

“నాకు తెలుగు మాట్లాడనే వచ్చును, చదవను యెవరు నేర్పినారు? తెలుగు అక్షరాలు కనపడినవి. మనవాళ్లు రాసినది గదా, మంచికే వుంటుందని చేసినాను.”

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. నాయకరాజుల నాటినుంచి యీ సీమలో మన యిళ్లు తెలుగును నోటితో కాపాడుకొంటూ వచ్చాయి. చదవడం రానివారు మనలో ఎందరో వున్నారు. వారికి ఆ అక్షరాలు చుట్టాల ముఖాలవంటివి. మేము ఆ ముఖాన్ని యెరగా పెట్టాము. అమెరికా పిల్లవాడు అడిగినది చదవగలిగినవారిని. ఆ తేడా మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు అవ్వ యింటికి పోయాము. మిగిలిన పిండికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పొద్దున్నే ఆ పిండిని పణియారాలు పోసి వాకిట్లో అమ్మేసిందట. మాకూ నాలుగేసి పెట్టింది. సోడా సరిగ్గా పడింది, గుల్లగా వున్నాయి.

దీపావళి విందుకు మళ్లీ వాకిట ఒక కాగితం అంటించాము. వంటకాల పట్టీ, అంతే. అవ్వ మమ్మల్ని పిలిచి పైనుంచి కిందివరకు చదివించుకొన్నది. “ఇంతేనా, ఇంకేమైనా దాచినారా?” అని అడిగి, మళ్లీ ఒకసారి చదవమన్నది.