మత్తులో ఉన్న బిడ్డ ఊపిరి ఎవరు వింటారు?



 ఏటా ఈ సభలో మేము పిల్లల చదువు గురించే మాట్లాడతాం. గిరిజన బాలికల హాస్టల్ చూసుకునే మేము ఈసారి పిల్లల ఆపరేషన్ గురించి, మత్తు గురించి చెప్పదలిచాం. మేము చేసిన ఒక తప్పే అందుకు కారణం.

మా హాస్టల్‌లో మూడో తరగతి పాప ఒకతి టాన్సిల్స్‌తో మాటిమాటికీ జ్వరపడేది. హైదరాబాదులో ఆపరేషన్‌కు తేదీ దొరికింది. సరిగ్గా ముందురోజు సర్ది, దగ్గు పట్టుకున్నాయి. తల్లి తాండూరు దగ్గర నాపరాళ్ల పాలిషింగ్‌లో కూలి. "మేడం, సర్ది సంగతి చెప్పకుండ్రి. చెప్తే తేదీ మారుస్తరు, మళ్లా కూలి పోతది" అని బతిమాలింది. మేమూ సరేనన్నాం. దవాఖానలో అడిగితే "ఏమీ లేదు" అని చెప్పాం.

మత్తు డాక్టరమ్మ మా మాటతో ఆగలేదు. స్టెతస్కోప్‌తో పాప ఛాతీ, వీపు చాలాసేపు విన్నది. తర్వాత మమ్మల్నీ వినమన్నది. పాప ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి ఈల వినిపించింది. "సర్ది ఉన్న పిల్లలకు మత్తులో గొంతు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. పిల్లల ఊపిరితిత్తులు చిన్నవి, ఆక్సిజన్ ఖర్చు మాత్రం ఎక్కువ. ఊపిరి ఆగితే పెద్దవాళ్ల విషయంలో ఉన్నంత సమయం మాకు దొరకదు" అని చెప్పి ఆపరేషన్ వాయిదా వేసింది. తిరుగు రైల్లో వికారాబాద్ దాటేదాకా ఆ తల్లి మాతో మాట్లాడలేదు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఒక బరువైన లోహపు బిళ్ల చూపించింది. దాన్ని పాప ఛాతీకి ఎడమవైపు అంటిస్తారు. దానికున్న గొట్టం డాక్టర్ చెవిలో ఉంటుంది. ఆపరేషన్ అయ్యేదాకా గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు రెండూ వినబడుతూనే ఉంటాయి. గుండె చప్పుడు మందగించినా, ఊపిరిలో ఈల వచ్చినా వెంటనే తెలుస్తుంది. ఊపిరి గొట్టం లోపలికి ఎక్కువగా జారి కుడి ఊపిరితిత్తిలోకి పోతే ఎడమవైపు చప్పుడు తగ్గిపోతుంది. ఇప్పుడు వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు, వదిలిన గాలిని కొలిచే యంత్రం కూడా ఉన్నాయి. అయితే వేలి క్లిప్పులో అంకె పడిపోవడానికి కొంత ఆలస్యమవుతుంది. చెవికి మాత్రం మార్పు ముందే అందుతుంది.

ఈ విషయంలో మన హైదరాబాదుకు చరిత్ర ఉంది. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని డాక్టర్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ సంగతి తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు నడిపారు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ చదివిందీ ఆ రోజుల్లో ఈ హైదరాబాదులోనే. ముందు ఊపిరే ఆగుతుంది, ఊపిరినే గమనించాలి అన్నది కమిషన్ తీర్పు. అది సగమే నిజం. క్లోరోఫాం నేరుగా గుండెనూ ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. అంటే రెండూ వినాలి. ఆపరేషన్ సాగినంతసేపూ స్టెతస్కోప్‌తో వినే పద్ధతిని 1908లోనే అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ రాసిపెట్టారు.

మత్తులో బిడ్డ "ఊపిరాడట్లే" అని చెప్పలేదు. అందుకే ఆమె తరఫున డాక్టర్ వింటుంది. ఆ డాక్టర్‌కు నిజం చెప్పే బాధ్యత మనది. సర్ది, దగ్గు, ఆయాసం దాచకండి. ఊగుతున్న పన్ను ఉంటే చెప్పండి, అది ఊడి గొంతులో పడొచ్చు. ఇంట్లో ఇచ్చిన పసరు, మందులు ఏవైనా చెప్పండి. ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచమంటే అన్ని గంటలు ఉంచండి. ఏడుస్తోందని చాటుగా బిస్కెట్ పెడితే అది మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

తేదీ తప్పితే ఒకరోజు కూలి పోతుంది. అది చిన్న సంగతి కాదని మాకు తెలుసు. కానీ ఆ రోజు మా అబద్ధాన్ని ఆమె నమ్మి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ పాపకు తర్వాత ఆపరేషన్ సజావుగా జరిగింది. ఇప్పుడు మా హాస్టల్ ప్రార్థనలో ముందు వినిపించేది ఆమె గొంతే.

జై సేవాలాల్!