గడ్డకట్టిన పాలు

కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు చేరువనున్న డోంగ్లి వంటి పల్లెలలో, సాయంకాలము పితికిన బర్రెపాలు ఇంటి యవసరమునకు మించినప్పుడు తోడుపెట్టుటయే పెద్దలెరిగిన యుపాయము. ఫ్రిజ్జు గల ఇండ్లలో నేడు వేరొక మార్గమును గలదు. పచ్చిపాలను పొంగువచ్చువరకు కాచి, చల్లార్చి, డబ్బాలో పైన కొంత వెలితి యుంచి, మూత బిగించి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచవలెను. నీరు మంచుగా మారునపుడు సుమారు 9 శాతము వ్యాకోచించును గనుక, నిండుగా పోసిన గాజుసీసా పగులును. (ఈ వక్త యొకటి పగులగొట్టుకొన్నవాడే!)

వాడుకొనదలచిన దినమునకు ముందునాటి రాత్రి ఫ్రిజ్జు క్రింది అరలోనికి మార్చినచో పాలు మెల్లగా కరగును. అప్పుడు వెన్నరేణువులు తేలి, విరిగినవేమో యను భ్రాంతి గొలుపును. వెన్న మిక్కుటమైన బర్రెపాలలో నిది మరింత స్ఫుటము. గిలకొట్టి కాచినచో చాయకును, పాయసమునకును చక్కగా నక్కరకు వచ్చును. కరెంటు పోయి కరగినవానిని మాత్రము ఆ పూటనే కాచి వాడుకొనవలెను, మరల గడ్డకట్టింపరాదు.