ఓడమీదినుండి చూచిన దీవి

ఐస్లాండు ద్వీపమునకు నడుమనున్నవి మంచుగడ్డలును అగ్నిపర్వతములును; జనులు ఎక్కువగా వసించునది తీరమందే. 1974లో దీవిచుట్టు రాజమార్గము పూర్తియగుటకు పూర్వము అనేక రేవులకు ఓడయే దిక్కు. నేడు చిన్న యాత్రానౌకలు ఆ రేవులనే చుట్టి వచ్చుచున్నవి. ఉత్తరతీరమందలి సిగ్లుఫ్యోర్దు హెర్రింగు చేపలవలన సిరిగాంచి, 1960వ దశకము చివర అవి కనుమరుగు కాగా చితికిన ఊరు. నేడు ఆ చేపలవేటకే ప్రదర్శనశాల నిలిపినది.

తీరమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నూరుమందియైన లేని గ్రిమ్సే దీవి కలదు. కార్నెల్ విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడగు విల్లర్డ్ ఫిస్కె 1879లో ఓడపై పోవుచు దానిని చూచెను, దిగలేదు. అచటి జాలరులు చదరంగప్రియులని విని, చదరంగపు బల్లలును పుస్తకములును పంపెను. 1904లో మరణించునాటికి 12,000 డాలర్లు ఆ దీవికి వ్రాసియుంచెను. పుట్టిన ఊరినే పట్నముచేరి మరచువారు మనలో లేకపోలేదు. ఈయన అడుగుపెట్టని ఊరిని మరువలేదు.

వేసవియాత్రికులు కొన్ని గంటలు నిలిచి, పఫిన్ పక్షులను, ఆర్కిటిక్ రేఖ గుర్తును చూచి మరలుదురు. ఫిస్కె జన్మదినమగు నవంబరు 11 అచట పండుగ. అది చలికాలమున వచ్చుటచే వారి కంటబడదు.