చరిత్ర పాఠమునకు తొలి పలుకు

(పాతబస్తీలోని యొక పఠనమందిరమున నొసంగిన యుపన్యాసము)



ఉన్నత పాఠశాలలో ప్రాచీన నాగరికతను గూర్చిన పాఠము నెట్లు మొదలిడవలయునో చెప్పుమని కోరితిరి. నా చిన్ననాట నది యెట్లు మొదలయ్యెనో ముందు మనవి చేసెదను. అయ్యవారు వచ్చి నల్లబల్లపై శాతవాహన రాజుల పట్టిక వ్రాసిరి, మేము దానిని చూచి వ్రాసికొంటిమి, గంట మ్రోగెను. ఆ రాజులు మనము నడచు నేలనే యేలిరని నాకు తెలిసినది బడి విడిచిన పెక్కేండ్లకు.

చార్మినారునకు కూతవేటు దూరమున నున్న తరగతిని తలచుకొనుడు. ఆ కట్టడము 1591 నాటిది. దాని చుట్టుపట్ల కాలిబాటలపై పాత నాణెములమ్మువారు నేటికిని కూర్చుందురు. వారియొద్ద హాలీ రూపాయి యొకటి కొని యుపాధ్యాయుడు పిల్లల చేతికీయవలెను. దానిపై చార్మినారు ముద్ర యున్నది. "ఈ నగరమంతయు మట్టిపాలై యీ నాణెమొక్కటే మిగిలినచో రాబోవువారు మనలను గూర్చి యేమెఱుగుదురు?" అని యడిగి యూరకుండవలెను. ఆ యూరకుండుటయే కష్టము. ప్రశ్నయు జవాబును తామే చెప్పుట మా వృత్తివారి కలవాటు. "గొప్ప కట్టడములు కట్టిరి" యని యొకడనును. "పార్శీ చదివెడివారు" అని యొక బాలిక యనును. "మా తాతకు పార్శీ రాదే!" యని మఱియొకడు అడ్డుతగులును. నాణెము పలుకునది ప్రభువుల భాషయేగాని యెల్లప్పుడు ప్రజల భాష గాదని పిల్లలు తామే కనుగొనిరన్నమాట!

అప్పుడు శాతవాహనుల నాణెముల చిత్రములు చూపవలెను. కోటిలింగాలలోను, 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు త్రవ్వించిన కొండాపురములోను ఇట్టివి దొరకినవి. వీనిలో సీసపువి పెక్కు, సీసమేల? వానిపై ప్రాకృతమేల? వాసిష్ఠీపుత్ర పులుమావి వెండినాణెముపై ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ద్రావిడభాష యేల? యజ్ఞశ్రీ శాతకర్ణి నాటి వానిపై ఓడయేల? కొండాపురమున రోమకుల బంగారు నాణెమును దొరకినదని చెప్పినచో సముద్రమే తరగతిలోనికి వచ్చును.

మఱియొక యుపాయము. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర యనునవి తల్లిని బట్టి వచ్చిన పేర్లు. ప్రతి విద్యార్థియు తన పేరునకు ముందు తల్లి పేరు చేర్చి వ్రాయవలెననుడు. ఫాతిమాపుత్రుడును లక్ష్మీపుత్రుడును ఒకే బల్లపై కూర్చుండి నవ్వుకొందురు. నాడు స్త్రీలే యేలిరని తేల్చివేయువారును ఉందురు. రాజ్యము తండ్రినుండి కొడుకునకే వచ్చెననియు, ఆ పేర్లు తల్లి గోత్రమును దెలుపుననియు పిమ్మట చెప్పవచ్చును. తొందరలేదు.

పరీక్షలు ముంచుకొని వచ్చుచుండ ఈ యాటలకు తీరికయేదని ప్రధానోపాధ్యాయులందురు. పది నిమిషములు చాలును. కొండాపురమున దిబ్బల చెంతనే ప్రదర్శనశాల యున్నది. పిల్లలనచటికి సంవత్సరాంతపు విహారమునకు గాక, పాఠము మొదలిడిన వారమే తీసికొనిపోవుడు.