సంతకం ఎవరిది?
(నరసన్నపేటలో మైనారిటీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఔషధ ప్రయోగాలలోను, మందుల సరఫరాలోను విదేశీ సంస్థల ప్రమేయం గురించి, దానిపై మన పార్లమెంటు జరిపిన విచారణ గురించి నేడు మాట్లాడదలచాము. నరసన్నపేట వంటి చిన్న పట్టణానికి ఇంత పెద్ద విషయంతో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. మన ఆడపిల్లలు హాస్టళ్లలో చదువుతున్నంతకాలం, మన ఇళ్లలో మందుబిళ్ల కొనుక్కోవలసిన అవసరం ఉన్నంతకాలం ఆ పని మనకు ఉన్నది.

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం ఆరంభమైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ల వయసు గల సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. వారిలో చాలామంది గిరిజన, నిరుపేద కుటుంబాల పిల్లలు. నడిపినది పాత్ అనే అమెరికన్ సంస్థ. ధనం గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాను ఉచితంగా ఇచ్చినది మెర్క్ కంపెనీ. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం చేయి కలిపాయి. గుజరాత్‌లోని వడోదరలో ఇదే రీతిలో గ్లాక్సో కంపెనీ టీకాను వేశారు.

కొద్దినెలలకే మన రాష్ట్రంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు బాలికలు మరణించారని బయటపడింది. మహిళా, ప్రజారోగ్య సంఘాలు ప్రశ్నించగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. నీటమునక, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి మరణ కారణాలని అధికారులు చెప్పారు. కేంద్రం వేసిన విచారణ సంఘం కూడా మరణాలకు టీకా కారణం కాకపోవచ్చుననే అభిప్రాయపడింది. అయితే కార్యక్రమం నడిచిన తీరులో లోపాలు ఉన్నాయని అదే సంఘం ఒప్పుకున్నది.

ఆ తరువాత పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తవ్వి, 2013 ఆగస్టులో తన 72వ నివేదికను సభల ముందుంచింది. లోతైన దర్యాప్తు లేకుండానే మరణాలను తోసిపుచ్చారని తప్పుపట్టింది. ప్రయోగ లక్షణాలన్నీ ఉన్నదానికి వేరొక పేరు పెట్టి, ప్రయోగాలకు వర్తించే నిబంధనలను తప్పించుకున్నారన్నది. టీకాకు దేశంలో అనుమతి లభించినది 2008లో కాగా, వైద్య పరిశోధన మండలి పాత్ సంస్థతో 2007 ఫిబ్రవరిలోనే ఒప్పందం చేసుకోవడమేమిటని నిలదీసింది. ప్రభుత్వ టీకాల పట్టికలో చోటు దొరికితే కంపెనీలకు కలిగే వ్యాపార లాభమే ఇందులో పరమార్థమని వ్యాఖ్యానించింది. ఈ ఆరోపణలను పాత్ సంస్థ అంగీకరించలేదు.

ఆ నివేదికలో మా మనసును కలచివేసినది సమ్మతి పత్రాల లెక్క. మన రాష్ట్రానికి సంబంధించిన 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు! ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపిన మాకు సంతకం విలువ తెలుసును. పది రూపాయల బిల్లుకైనా అధికారం లేనివాడు సంతకం చేస్తే ఆ కాగితం వెనక్కి వస్తుంది. కన్నతల్లి ఊళ్లో బ్రతికి ఉండగా, బిడ్డ దేహం మీద సంతకం చేసే అధికారం వార్డెనుకు ఎక్కడిది? వేలిముద్ర వేసినవారికి ఆ కాగితంలో ఉన్నదేమిటో చదివి వినిపించినవారెవరు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మేము టీకాలకు వ్యతిరేకులము కాము. ఆ క్యాన్సర్ నిజమైనది, పేద స్త్రీలనే ఎక్కువగా కబళిస్తున్నది. దాని టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది, వందకు పైగా దేశాలు వాడుతున్నాయి. మంచి మందునైనా అడగకుండా ఇస్తే నమ్మకం చస్తుంది. నమ్మకం చచ్చినచోట మందు పనిచేయదు.

దీనికి పొరుగుదేశమే సాక్ష్యం. 2011లో ఒసామా బిన్ లాదెన్ ఆచూకీ తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో బూటకపు హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించింది. ఆ సంగతి పొక్కిన తరువాత టీకాల మీద అనుమానం ముదిరింది. 2012 డిసెంబరులో కరాచీ, పెషావర్లలో పోలియో చుక్కలు వేసే కార్యకర్తలను కాల్చిచంపారు. టీకాలను గూఢచర్యానికి ఇకపై వాడబోమని అమెరికా 2014లో ప్రకటించవలసి వచ్చింది. మన దేశంలో మార్గం వేరు. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలంటే ముస్లిములు భయపడిన రోజుల్లో ఉలేమాలు, విశ్వవిద్యాలయాలవారు ఇంటింటికీ వెళ్లి సందేహాలు తీర్చారు. 2014 మార్చిలో భారతదేశం పోలియోరహితమైంది. ప్రశ్నకు జవాబు దొరికితే భయం తొలగుతుంది.

మందుల సరఫరా సంగతి కూడా ఇట్టిదే. విదేశీ సహాయమంతా విషమని మేము అనము. సోవియట్ తోడ్పాటుతో నెలకొన్న ఐడీపీఎల్ కర్మాగారమే హైదరాబాదు ఔషధ పరిశ్రమకు బడి. 1970 పేటెంట్ల చట్టం చౌకమందుకు దారి వేసింది. 2005 నుండి ఔషధాలకే పేటెంట్లు వచ్చినప్పుడు పార్లమెంటు కొన్ని రక్షణలు నిలుపుకున్నది. అందుచేతనే 2012లో బేయర్ కంపెనీ నెలకు సుమారు 2 లక్షల 80 వేలకు అమ్మే నెక్సావర్ క్యాన్సర్ మందును హైదరాబాదు నాట్కో సంస్థ 8,880 రూపాయలకు ఇచ్చేలా అనుమతి లభించింది. చట్టసభ మేలుకొని ఉంటే పేదవాడికి కలిగే మేలు అది.

మరొకవైపు, మన జిల్లాలోని పైడిభీమవరంలో మందుల కర్మాగారాలున్నా, దేశం దిగుమతి చేసుకునే ముడి మందులలో సింహభాగం చైనా నుండే వస్తున్నది. 2020 మార్చిలో కరోనా వేళ కొరత భయంతో పారాసిటమాల్ సహా 26 మందుల, ముడి మందుల ఎగుమతిని మన ప్రభుత్వమే ఆంక్షలలో పెట్టవలసి వచ్చింది. మందుబిళ్లకు రాజకీయం లేదనుకోవడం అమాయకత్వము.

ఇక మన కర్తవ్యం. 2005 నుండి 2012 మధ్య వరకు జరిగిన ప్రయోగాలలో 2,644 మంది మరణించగా, వాటిలో 80 మరణాలకు ప్రయోగాలే కారణమని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ కోర్టు మందలింపుల ఒత్తిడిలో నిబంధనలు బిగిశాయి. 2019 మార్చిలో వచ్చిన కొత్త నియమాల ప్రకారం ప్రయోగంలో చేరేవారికి అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పాలి. చదువురానివారి పక్కన నిష్పక్షపాతి అయిన సాక్షి ఉండాలి. ప్రయోగం వల్ల హాని కలిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇవి మన హక్కులు.

కనుక ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం, గురుకులాల తల్లిదండ్రుల సంఘాలు నాలుగు ప్రశ్నలు నేర్చుకోవాలి. ఇది చికిత్సా, ప్రయోగమా? ధనం ఎవరిది? హాని కలిగితే బాధ్యులెవరు? మా సంతకం ఉన్న కాగితం ప్రతి మాకేదీ? సీతంపేట కొండల్లోని సవర సోదరుల కోసం, రక్తనమూనాలు ఇచ్చి ఇచ్చి అలసిన ఉద్దానం కిడ్నీ రోగుల కోసం కూడా ఇవే ప్రశ్నలు మనం అడగాలి. ఖమ్మంలో బలైన నమ్మకం గిరిజనులది. దానిని ముస్లిముల సమస్య కాదని ప్రక్కకు తప్పుకుంటే, రేపు మన వంతు వచ్చినప్పుడు అడిగేవారుండరు.

విచారణ అంటే ద్వేషము కాదు. బిడ్డ నోట మందు పోసే ముందు తల్లి సీసా మీది పేరు చదువుతుంది. చట్టసభలు చేయవలసినదీ, మనం చేయవలసినదీ అదే.