పసిబిడ్డ రక్తంలో లింఫోసైట్ల లెక్క

కడప ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి నేడు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులలో కొందరైనా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులలో పసిబిడ్డలను చూడబోతున్నారు గనుక, పైకి న్యుమోనియాగానో మానని విరేచనాలుగానో కనిపించి అసలు పేరు బయటపడకుండానే ప్రాణం తీయగల వంశపారంపర్య నిరోధక లోపాలు ఈ వేదికపై ప్రస్తావనకు అర్హమైనవి.

రోగనిరోధక కణం తన ఉపరితలంపై ఉండే గ్రాహకాల ద్వారా, అంటే ఇతర కణాలు పంపే రసాయన సందేశాలను అందుకునే ప్రోటీన్ల ద్వారా, ఎప్పుడు ఎదగాలో ఎప్పుడు పోరాడాలో తెలుసుకుంటుంది. ఆ ప్రోటీన్‌ను నిర్దేశించే జన్యువులో ఉత్పరివర్తనం, అనగా శాశ్వతమైన మార్పు, ఏర్పడితే సందేశం వచ్చినా కణానికి అందదు. ఇంటర్‌ల్యూకిన్ 2, 4, 7, 9, 15, 21 గ్రాహకాలు ఆరింటికీ ఉమ్మడిగా ఉండే గామా గొలుసు దెబ్బతినడమే మగబిడ్డలలో కనిపించే ఒక రకం తీవ్ర సంయుక్త నిరోధక లోపానికి కారణమని 1993లో తేలింది. ఎక్స్ క్రోమోజోముపై ఉండే ఈ లోపానికి మేనరికంతో నిమిత్తం లేదు. ఇంటర్‌ల్యూకిన్ 7 గ్రాహక లోపం, ఇంటర్‌ఫెరాన్ గామా గ్రాహక లోపపు తీవ్ర రూపం మాత్రం తల్లి నుంచీ తండ్రి నుంచీ దెబ్బతిన్న జన్యువే అందినప్పుడు బయటపడతాయి; అక్క కూతురిని పెళ్లాడే ఆచారం ఉన్న రాయలసీమలో, అటువంటి జంట బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుంచి వచ్చే అవకాశం 8లో 1 వంతు, మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో 16లో 1 వంతు. మేనరికపు బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు కనుక ఈ లెక్క ఏ తల్లినీ నిందించడానికి కాదు, ఇంటి చరిత్రను ఓపికగా అడగడానికి.

పుట్టగానే వేసే బీసీజీలో ఉండేది బలహీనపరిచిన సజీవ బాక్టీరియా. కోట్లాది బిడ్డలను తీవ్ర క్షయ నుంచి కాపాడే ఆ టీకాయే ఈ లోపాలున్న బిడ్డలో ఒళ్లంతా వ్యాపించగలదు. అందుకే ఇంట్లో అంతకుముందు పసివాడెవరైనా కారణం తెలియకుండా చనిపోయి ఉంటే, తర్వాతి బిడ్డకు పరీక్షలు ముగిసేదాకా ఆ టీకాను ఆపవలసి ఉంటుంది.

ఈ లోపాలను అనుమానించడానికి తొలి ఆధారం చిన్న ప్రయోగశాలలో కూడా దొరికే రక్తకణాల లెక్కింపే. తొలి నెలల్లో లింఫోసైట్లు మైక్రోలీటరుకు 3000 కన్నా తక్కువగా ఉంటే అనుమానించాలి. పెద్దవారికి మామూలైన 2000 పసిబిడ్డలో హెచ్చరిక అవుతుంది. అయితే తల్లి కణాలు బిడ్డలో చేరి లెక్కను మామూలుగా చూపవచ్చు, ఇంటర్‌ఫెరాన్ గ్రాహక లోపంలో అసలు లెక్క తగ్గకపోవచ్చు కూడా. కాబట్టి మంచి సంఖ్య చూసి అనుమానాన్ని వదులుకోకూడదు.

1968 నుంచి తీవ్ర సంయుక్త నిరోధక లోపానికి ఎముక మజ్జ మార్పిడి చికిత్సగా ఉంది. సీమకు దగ్గరలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986 నుంచి ఎముక మజ్జ మార్పిడులు జరుగుతున్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ జబ్బును ఒకసారి చికిత్సతో నయం కాగల వర్గంలో చేర్చింది. మూడున్నర నెలల లోపు మార్పిడి జరిగిన బిడ్డలలో 10 మందిలో 9 మందికి పైగా బతుకుతున్నారని అమెరికాలోని అధ్యయనం తేల్చింది గనుక, లెక్క తగ్గినట్లు రిపోర్టు వచ్చిన రోజునే ప్రొద్దుటూరు నుంచి సిఫారసు ఉత్తరం బయలుదేరాలి.