ధూళిని పీల్చు యంత్రము - దాని పిడి



ఈ దినమున నేను ప్రసంగింపబూనిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. ఇల్లు ఊడ్చుట, ఊడ్చుటకు వాడు పనిముట్టు, ఆ పనిముట్టునకు తగిలించు పిడి, ఇంతియే. పురాణమో వేదాంతమో చెప్పవలసిన వయస్సున ఈ పంతులు చీపురుకట్ట పట్టుకొన్నాడేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు. కాని మన యిండ్లలో తెల్లవాఱగనే మొట్టమొదట జరుగు పని యిదియే. దానిని చేయువారు మన తల్లులు, భార్యలు, కోడండ్రు, కూలికి వచ్చు స్త్రీలు. ఏబది యేండ్లు వచ్చునప్పటికి వారిలో ఎందఱు నడుముపై చేయి వైచికొని మూల్గుచున్నారో మీకు నేను చెప్పనక్కఱలేదు.

నేను బాలురకు వ్యాకరణము చెప్పినవాడను గనుక ఆ మాటలతోనే ప్రారంభించెదను. క్రియ జరుగవలెనన్న కర్త యుండవలెను, కర్మ యుండవలెను, కరణము ఉండవలెను. "సీత చీపురుతో ఇల్లు ఊడ్చుచున్నది" అను వాక్యమున సీత కర్త, ఇల్లు కర్మ, చీపురు కరణము. శాస్త్రకారులు కర్తకు స్వాతంత్ర్యము నొసగిరి. కరణము పని నెఱవేఱుటకు మిక్కిలి యుపకరించునది మాత్రమే. కాని పిడి పొట్టిదైన పనిముట్టు చేతబట్టగనే ఈ వ్యవస్థ తలక్రిందులగుచున్నది. పనిముట్టు ఎంత పొట్టిదో మనిషి అంత వంగవలసి వచ్చుచున్నది. కర్త కరణమునకు లోబడుచున్నది. వాక్యమున దోషము కనబడినచో వెంటనే దిద్దుదుము. పనిముట్టునందలి దోషమును మాత్రము దిద్దవలదా?

చీపురును నేను నిందించుట లేదు. వాకిటికి ఈనెల చీపురు, లోపలికి కొండచీపురు తరతరములుగా మనకు సేవ చేయుచున్నవి. ఐనను వానిలో రెండు కొఱతలు కలవు. ఒకటి, నడుము వంచుట. రెండవది, ధూళిని లేపుట. కంటికి కనబడు మన్ను చేటలోనికి వచ్చును. కనబడని సన్నని ధూళి గాలిలోనికి లేచి చాలసేపు తేలియాడుచుండును. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువులు ముక్కునందును గొంతునందును నిలువక ఊపిరితిత్తుల లోతునకు పోగలవు. ఉబ్బసపు వ్యాధి గలవారికి ఊడ్చునప్పటి ధూళి యెంత బాధ కలిగించునో వారిని చూచినవా రెఱుగుదురు.

ధూళిని లేపకుండ లాగికొను యంత్రమే వాక్యూం క్లీనరు. మన మాటలలో దానిని ధూళి పీల్చు యంత్రము అనవచ్చును. అది పనిచేయు విధము చిత్రమైనది. కొబ్బరిబోండములో సన్నని గొట్టముంచి నీరు త్రాగుచున్నారు గదా! మీరు గొట్టములోని గాలిని తగ్గించుచున్నారు. వెలుపలి గాలి నీటిని నొక్కి పైకి త్రోయుచున్నది. మన చుట్టునున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపైని సుమారు ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుచున్నది. 17 వ శతాబ్దమున జర్మనీ దేశమున ఆటో ఫాన్ గెరికె అను విద్వాంసుడు రెండు లోహపు అర్ధగోళములను కలిపి లోని గాలిని తోడివేసెను. అటుపైని గుఱ్ఱములను కట్టి లాగించినను అవి విడిపోలేదు. ధూళి పీల్చు యంత్రమునందును ఇదియే న్యాయము. మోటారు ఒక చిన్న పంకాను వడిగా త్రిప్పును. పంకా లోని గాలిని వెలుపలికి నెట్టును. లోపల ఒత్తిడి తగ్గును. వెలుపలి గాలి యంత్రపు మూతినుండి లోనికి పరుగెత్తుచు ధూళిని వెంటబెట్టుకొని పోవును. వడపోత ధూళిని నిలిపి గాలిని విడిచిపెట్టును.

దీని చరిత్రలో ఇద్దఱను తలచుకొందము. 1901 సంవత్సరమున లండను నగరమున హ్యూబర్టు సెసిల్ బూత్ అను ఇంజనీరు గాలిని ఊది దుమ్మును లేపు యంత్ర మొకటి చూచి, ఊదుటకు మాఱు పీల్చరాదా యని తలచెను. కుర్చీ మెత్తపై చేతిరుమాలు పఱచి నోటితో పీల్చి చూచెను. రుమాలు అడుగున నల్లని మచ్చ యేర్పడెను. ఆ సంవత్సరమే ఆయన యంత్రమునకు హక్కుపత్రము పొందెను. కాని ఆ యంత్రము ఇంటిలో పట్టునది కాదు. గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను కిటికీలగుండ లోనికి పంపి ఊడ్పించెడివారు. 1902 లో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకై వెస్టుమినిస్టరు దేవాలయపు తివాచీలను దానితోనే శుభ్రపఱచిరి.

రెండవవాడు జేమ్సు మరే స్పాంగ్లరు. అమెరికాదేశమున ఓహైయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున ఒక అంగడిలో ఊడ్చు ఉద్యోగము చేయుచుండెను. వయస్సు అరువదికి చేరువయ్యెను. ఉబ్బసము కూడ కలదు. ఊడ్చినకొలది ధూళి లేచి ఊపిరి సలుపనీయక బాధించుచుండెను. 1907 లో ఆయన ఒక చిన్న విద్యుత్ పంకా మోటారు తెచ్చి, ఒక పెట్టెలో అమర్చి, ధూళి చేరుటకు తలగడ గలీబు కట్టి, దానికి ఒక చీపురుకఱ్ఱను పిడిగా తగిలించెను. 1908 జూను 2 వ తేదీన హక్కుపత్రము లభించెను. హూవరు అను తోలుసామానుల వర్తకుడు ఆ హక్కును కొనెను. ఇంటింట వాడు యంత్రమునకు దారి యిట్లు ఏర్పడెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. బూతు యంత్రము రాజమందిరములకు తగినది. స్పాంగ్లరు యంత్రము ఊడ్చువాడు తనకొఱకు తాను చేసికొన్నది. కావుననే దానికి నిలుచుండి పట్టుకొనుటకు వీలైన కఱ్ఱపిడి మొదటినుండియు వచ్చినది. కష్ట మెఱిగినవాడు పనిముట్టును చేసినపుడు పిడిని మఱువడు.

1979 లో బ్లాక్ అండ్ డెక్కర్ వారు తీగ యక్కఱలేని, బ్యాటరీతో నడచు చేతి యంత్రమును విక్రయమునకు తెచ్చిరి. అట్టి చేతి యంత్రములు ఇప్పుడు మన పట్టణపు అంగళ్లలో దొరకుచున్నవి. బల్లమీద చిందిన పిండిని, మోటారుకారులోని దుమ్మును తీయుటకు అవి చక్కనివి. కాని వానిలో పెక్కింటికి పిడి జానెడే. దానితో గది యంతయు ఊడ్చవలెనన్న మరల నడుము వంచవలసినదే. వేలరూప్యములు పోసి యంత్రము కొన్నను వంగుట తప్పనిచో ఆ యంత్రమువలన సగము లాభమే.

పొట్టిపిడి యెంత కీడు చేయునో తెలుపు నిదర్శన మొకటి కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కాయగూరల పొలములలో పనిచేయు కూలీలకు పొట్టిపిడి తొలికల నిచ్చి దినమంతయు వంగి పనిచేయించుచుండిరి. అనేకులకు వెన్నెముకలు చెడినవి. వైద్యులు సాక్ష్యము చెప్పిరి. 1975 లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కూలీల పక్షమున తీర్పు చెప్పగా, ఆ సంవత్సరమే అట్టి తొలిక వాడుట నిషేధింపబడెను. ఒక పిడి పొడవు న్యాయస్థానము వఱకు పోవుట హాస్యము కాదు. ఆ పొడవునందు మనుష్యుల బ్రతుకులు ఇమిడియున్నవి.

మా యింటికి మా అమ్మాయి అట్టి చేతి యంత్ర మొకటి పంపినది. బరువు ఒకటిన్నర కిలోగ్రాములు. మా గ్రామపు వడ్రంగియు నేనును కలిసి దానికి పొడవు మార్చదగిన పిడి యొకటి ఏర్పఱచితిమి. ఆ పనిలో విచారింపవలసివచ్చిన సంగతులు ఐదు.

మొదటిది పొడవు. మనిషి నిటారుగా నిలిచి, మోచేతిని కొంచెము మడచి, అరచేయి ఎంత యెత్తున నుండునో కొలిచితిమి. మా యింటి యామెకు 80 సెంటీమీటర్లు, పొడగరియైన మా కోడలికి 96 సెంటీమీటర్లు వచ్చినది. పిడి నిలువుగా నుండదు, ముందునకు వాలియుండును. అది లంబకోణ త్రిభుజమున కర్ణమువంటిది. ఎత్తు 80, ముందునకు 60 ఐనచో పిడి 100. ఎత్తు 96, ముందునకు 72 ఐనచో పిడి 120. కావున యంత్రపు మూతినుండి పిడి కొనవఱకు 100 మొదలు 120 సెంటీమీటర్ల వఱకు మార్చుటకు వీలుండవలెను. అత్తకు సరిపోవు పిడి కోడలికి సరిపోదు. అందఱకు ఒకటే కొలత పెట్టినచో ఇద్దఱకును నొప్పియే.

రెండవది బిగింపు. ఒక అల్యూమినియము గొట్టములో మఱియొక గొట్టము జొనిపి, వెలుపలి గొట్టమునకు నాలుగేసి సెంటీమీటర్ల దూరమున ఆఱు రంధ్రములు వైచి, లోని గొట్టమునకు స్ప్రింగుతో పైకి పొడుచుకొని వచ్చు చీల నుంచితిమి. చీలను నొక్కి జరిపినచో వేఱొక రంధ్రమున పడి నిలుచును. పిడిని పూర్తిగా సాచినప్పుడును లోని గొట్టము కనీసము 15 సెంటీమీటర్లు వెలుపలి గొట్టములోనే యుండవలెను. లేనిచో పిడి ఊగులాడును. రంధ్రముల అంచులను ఆకురాయితో అరగదీయవలెను. లేనిచో వ్రేలు తెగును.

మూడవది బరువు. బరువును దూరముతో గుణించినచో మణికట్టుపై పడు భారము తెలియును. ఒకటిన్నర కిలోగ్రాముల యంత్రము చేతికి 10 సెంటీమీటర్ల దూరమున నున్నచో లబ్ధము 15. అదియే 40 సెంటీమీటర్ల దూరమున నున్నచో 60. బరువు మాఱలేదు, కష్టము నాలుగింతలైనది. కావున పొడవైన పిడి కొనయందు యంత్రమును గాలిలో మోయించరాదు. మూతికి రెండు చిన్న చక్రములు కట్టితిమి. నేలయే బరువును మోయును, చేయి నడపును. అటకమీది దుమ్మును, దూలముల బూజును తీయునపుడు పిడిని ఊడదీసి, మూతికి తేలికయైన గొట్టము తగిలించి, యంత్రమును చేతిలోనే పట్టుకొనవలెను. ఆ గొట్టపు అతుకులలో సందులుండరాదు. సందు ఉన్నచో గాలి అచ్చటనే లోనికి దూఱును, మూతివద్ద బలము తగ్గును.

నాలుగవది వాలు. మంచము క్రింద ఊడ్చవలెనన్న పిడి నేలకు దగ్గఱగా వ్రాలవలెను. స్థిరమైన పిడి ఐనచో మనిషియే వ్రాలవలెను. యంత్రమును పిడియు కలియుచోట పండ్లుగల రెండు బిళ్లలతో కీలు ఏర్పఱచి, మఱలు వదులుచేసి వాలు మార్చి మరల బిగించునట్లు చేసితిమి. మణికట్టు వంగక ముంజేతితో సూటిగా నుండునట్టి వాలే మంచి వాలు.

ఐదవది పట్టు. పట్టుకొనుచోట లావు మూడునుండి నాలుగు సెంటీమీటర్లు ఉన్నచో పిడికిలి సుఖముగా మూసికొనును. అంతకు సన్ననిది అరచేతిని ఒరయును, లావైనది జాఱును. చెమటకు జాఱకుండ రబ్బరు తొడుగు వేయవలెను. ఇంకొకటి చూడవలెను. యంత్రపు మీట క్రిందనే యున్నచో, పిడి యెంత పొడవైనను మీట నొక్కుటకు వంగక తప్పదు. సైకిలు బ్రేకు తీగ నొకదానిని, పొడవు మార్చినపుడు బిగియకుండునట్లు కొంత వదులుంచి, పిడి వెంబడి తెచ్చితిమి. మీట చేతికందినది.

మా యింటి యామె దానితో రెండు గదులు ఊడ్చి, ఒక్కమాటైనను పొగడక, "రేపు పడమటింటిలో కూడ దీనితోనే ఊడ్చెద"నన్నది. మా వడ్రంగికి అంతకు మించిన బహుమాన మక్కఱలేకపోయెను.

ఈ యంత్రము అన్నింటికి తగునని నేను చెప్పను. పేడతో అలికిన నేలపై దీనిని వాడినచో అలుకు రేగును. అచ్చట చీపురే మేలు. తడిని, నిప్పు ఆఱని బూడిదను పీల్పించరాదు. వడపోతను తఱచు దులుపవలెను. దానిని ఇంటి వెలుపల, ముక్కునకు గుడ్డ కట్టుకొని దులుపుట మంచిది. వడపోత మంచిదికానిచో సన్నని ధూళి వెనుకనుండి మరల గదిలోనికే వచ్చును. హెపా అను జాతి వడపోత మైక్రానులో మూడుపదవ వంతులుండు రేణువులను సైతము నూటికి 99.97 వంతులు ఆపగలదు. ఉబ్బసము గలవారున్న యింట అట్టిదానిని అడిగి కొనుడు.

పెద్దలారా! ఇంటికి సామాను కొను అధికారము మనలో అనేకుల చేతులలో నున్నది. ఆ సామానుతో పనిచేయు భారము వేఱొకరి చేతులలో నున్నది. ఈ భేదమే దోషమునకు మూలము. యంత్రమైనను, చీపురైనను, తొలికయైనను కొనుటకు ముందు దానితో పనిచేయువారిని పిలిచి, వారి చేతికిచ్చి, నిలుచుండి పట్టుకొనుమనుడు. వీపు నిటారుగా నున్నదా? మణికట్టు సూటిగా నున్నదా? మీట చేతికందుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు వారే సమాధానము చెప్పవలెను. యంత్రము కొనలేనివారు చీపురునకు పొడవైన వెదురుకఱ్ఱ కట్టించినను మేలే. పంచాయతీలయందును, పాఠశాలలయందును ఊడ్చువారికి పనిముట్లు తెప్పించునప్పుడును ఈ నియమము పాటింపుడు. వెదురుకఱ్ఱకు పట్టు వ్యయము స్వల్పము. చెడిన నడుమును బాగుచేయుట మాత్రము ఏ వడ్రంగికిని శక్యము కాదు.

మన భాషలో కర్త స్వతంత్రముగా నున్నట్లే మన యిండ్లలోను నుండుగాక!